గుట్టమ్మకు కట్టిన పాస్‌పోర్టు

మా అమ్మ లెక్కల అమావాస్య నాడు గడప దాటి ఇంట్లకు రాకూడనివి చాలా ఉన్నయి. కొత్త చీపురు రావద్దు, కొత్త బట్టలు రావద్దు, నూనె డబ్బా రావద్దు. పొద్దున బయటికి పోయిన మేం మాత్రం సాయంత్రం తిరిగి రావచ్చు, ఎందుకంటే మేం కొత్తవాళ్ళం కాదు. శ్రావణం పోయే అమావాస్య నాడు ఆ పట్టీల ఇంకోటి చేరింది. మా అన్న పాస్‌పోర్టు.

ఆ శనివారం అన్న హైదరాబాద్ పోయి ఏజెంటు దగ్గరి నుంచి పాస్‌పోర్టు, టికెట్టు తెచ్చుకున్నడు. సోమవారం తెల్లారుజామున దుబాయి విమానం. ఆదివారం సాయంత్రం ఐదింటికి కారు మాట్లాడి పెట్టిండ్రు. వీసా గడువు ఆ రెండు రోజులే ఉన్నది. ఈ విమానం తప్పితే వీసా పోయినట్టే, ఆరు నెలల సంది అన్న తిరిగిన తిరుగుడంతా పోయినట్టే. ఇంత పెద్ద సంగతున్న ఆ చిన్న పుస్తకాన్ని అమ్మ వాకిట్లనే ఆపింది.

"అమావాస్య ఎల్లిపోనీ. రేపు పది దాటినంక హారతి పట్టి లోపలికి తెస్త" అన్నదట.

దానికి పసుపు పెట్టి, అక్షింతలు చల్లి, టికెట్టు కాగితంతో సహా పసుపు గుడ్డల కట్టి మూడు ముళ్ళు వేసింది. లోపలికి రావద్దనేది పద్ధతి. మరి బయట ఎక్కడ పెట్టాలె అనేది పద్ధతిల లేదు. కొట్టంల పెడితే బర్రె నములుతదని బాపు అన్నడు. చివరికి అన్న తన బండి ట్యాంకు కవరుకు ఉన్న జిప్పు జేబుల దాన్ని పెట్టి, బండిని రేకుల కింద నిలిపి, పొద్దున ఆ బండి నాకిస్తనన్న మాట అలసటల మరిచి, పోయి పన్నడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసిన ముచ్చట. అప్పుడు నేను కామారెడ్డిల దోస్తుల కాడ ఉన్న. ఇల్లు చేరేసరికి అన్న నిద్రపోయిండు. మా ఇంట్ల ముఖ్యమైన సంగతులు నాకు చెప్పే అలవాటు లేదు. చెబితే నవ్వుతనని వాళ్ళ అనుభవం. అమ్మ అన్నం పెట్టుకుంట ఒక్క మాటన్నది.

"రేపు బండి మీద ఎటో పోతనంటివి గదా. గుట్ట దిక్కయితే అమ్మవారికి మొక్కి రా. అన్న పోతున్నడు."

సరే అన్న. పప్పు మంచిగున్నది, ఎక్కువ మాట్లాడలే.

ఆ బండి గురించి రెండు మాటలు చెప్పాలె. అన్న మొదటిసారి దుబాయి నుంచి వచ్చినప్పుడు కొన్నడు. రోజూ తుడుస్తడు. దాని మీద కూర్చునే ముందు నన్ను ప్యాంటు దులుపుకోమంటడు. సోమవారం నుంచి అది నా చేతికి వస్తది, చూసుకునేటందుకు. మా ఊళ్ళె గల్ఫుకు పోయినోళ్ళ బండ్లన్నీ తమ్ముళ్ళే చూసుకుంటరు. రెండేండ్లకు అసలు మనిషి తిరిగొచ్చేసరికి బండిల మొదటి నుంచి ఉన్నది నంబరు ప్లేటు ఒక్కటే. ఆ సంగతి అన్నకు తెలుసు. అందుకే వారం ముందే నాకు షరతు పెట్టి ఒప్పుకున్నడు. "ఆదివారం పొద్దున తీస్కపో. మూడింటికి ఇంట్ల ఉండాలె. నేను పోయే ముందు బండిని చూసి పోత." నన్ను చూసి పోతనని అనలే.

ఆదివారం ఇంకా మసక ఉండంగనే బండి తీసిన. ఇంజను మోతకు ఎవరూ లేవొద్దని రోడ్డు దాకా నెట్టుకుంట పోయిన. ఒక్కరు లేచి ఉన్నా ఈ కథే ఉండకపోయేది.

కామారెడ్డి దాటి తాడ్వాయి మీదుగ లింగంపేట దిక్కు పోతుంటే భూమి మెల్లమెల్లగ మీదికి లేస్తది. ముందు మక్క చేన్లు, సోయా చేన్లు, వాటి వెనుక గుట్టలు. ఆ తర్వాత గుట్టలే ముందుకొస్తయి, చేన్లు సందులల్ల ఇరుక్కుంటయి. ఆ రోజు గుట్టల నడుము దాకా మంచు ఉండె. టేకు చెట్లు తెల్లగ పూసి ఉన్నయి. టేకు పువ్వును ఎవరూ తెంపి జడల పెట్టుకోరు, కనుక దాని అందం గురించి దానికే తెల్వదు. మలుపు మలుపుకు చల్లగాలి చొక్కాల దూరుతుంటే, రోడ్డు మీద నేనొక్కన్నే ఉంటే, ఈ లోకం నాకోసమే పొద్దున్నే లేచిందనిపించింది. రెండు కిలోమీటర్లు పోయినంక ఒక బర్రె రోడ్డుకు అడ్డం నిలబడి ఆ అభిప్రాయం సరిచేసింది.

లింగంపేట దాటినంక సన్నగ తుంపర మొదలైంది. ఫోను తడవద్దని ట్యాంకు కవరు జిప్పు తీసిన. లోపల పసుపు గుడ్డ ముడుపు.

ముడుపంటే మా దిక్కు అందరికీ తెలుసు. ఏదన్న మొక్కుకొని, పసుపు గుడ్డల కొబ్బరికాయనో బియ్యమో నాణెమో కట్టి అమ్మవారి కాడ వేలాడదీస్తరు. కోరిక తీరితే వచ్చి విప్పుతరు. నేను ముడుపును పట్టుకొని చూసిన. లోపల పలకలెక్క గట్టిగ ఏదో ఉన్నది. చిన్న దేవుని పుస్తకం అనుకున్న. అమ్మ రాత్రి అన్న మాట యాదికొచ్చింది. అప్పుడు నా తెలివి పనిచేసింది. అది పనిచేసిన రోజులు నా జీవితంల తక్కువ, పనిచేసినప్పుడల్లా ఏదో ఒకటి అయింది. అమ్మ అన్న కోసం ముడుపు కట్టి బండిల పెట్టింది, నేను పోయి గుట్ట మీద కట్టి రావాలె, నేరుగ చెబితే నేనేదన్న జోకు వేస్తనని చెప్పలే. లెక్క సరిగ్గ కుదిరింది.

మెయిన్ రోడ్డు నుంచి ఎర్రమట్టి బాట పట్టి కొంచెం దూరం పోతే గుట్ట మైసమ్మ. బండి కింద పెట్టి మెట్లెక్కిన. మీద చిన్న గుడి, దాని ముందు ఇనుప పైపుల పందిరి. ముందు ముడుపులు చెట్టుకు కడుతుండె. బరువుకు కొమ్మలు ఇరిగినయని పైపులు పెట్టించిండ్రు. వాటికి పాతవీ కొత్తవీ వందల ముడుపులు. పందిరి పక్కన గోనె సంచి మీద ఒక అవ్వ, చేతిల కోతులను తోలే కట్టె. నన్ను ఒకసారి చూసింది.

నేను ఖాళీ జాగ చూసి ముడుపు కొసలు పైపుకు చుట్టి ముడి వేసిన. కట్టేటప్పుడు ఏదన్న అడగాలె గదా. అన్న సల్లగ పోయి రావాలని అడగాల్సింది. కానీ అమ్మ ఆ సంగతి ఎట్లాగూ అడిగే ఉంటది, ఒకే మాట ఇద్దరం ఎందుకు అడుగుడని, నా సొంత కోరిక మనసుల పెట్టుకున్న. అమ్మా, ఈ బండి ఇగ నాకే ఉండనీ.

ఈల వేసుకుంట మెట్లు దిగిన.

ఎల్లారెడ్డిల బస్టాండు కాడ ఉప్మా, రెండు చాయలు. అక్కడి నుంచి నిజాంసాగర్ రోడ్డు. చెరువులన్నీ నిండి ఉన్నయి, కొంగలు పొలాల ఒడ్ల మీద పెద్దమనుషుల లెక్క నిలబడి ఉన్నయి. ప్రాజెక్టు కట్ట మీద బండి నిలబెట్టి నీళ్ళ దిక్కు చూసిన. ఆ ఒడ్డు కనబడనంత నీళ్ళు. ఇంత నీళ్ళ ముందు మనిషి తనెంత చిన్నోడో తెలుసుకోవాలంటరు. నేను ఒక ఫోటో దిగుదామని ఫోను తీసిన.

పధ్నాలుగు మిస్డ్ కాల్స్. అన్నీ అన్నయే. టైము పదకొండున్నర.

మళ్ళ మోగింది. ఎత్తిన.

"ఎక్కడున్నవ్ రా?"

"నిజాంసాగర్ కట్ట మీద."

"ఫోను ఎందుకు ఎత్తవు? సరే విను. ట్యాంకు కవర్ల నా పాస్‌పోర్టున్నది. పసుపు గుడ్డల కట్టి ఉన్నది. పైలం."

నీళ్ళ మీద ఒక పిట్ట పోతుండె. అది ఆ ఒడ్డు దిక్కు పోయేదాకా నేను దాన్నే చూసిన.

"విన్నవా?"

"విన్న."

"ఉన్నది గదా?"

"ఉన్నది."

ఆ మాట నోట్ల నుంచి అదే వచ్చింది. నేను పంపలే.

"చెయ్యి పెట్టి చూసినవా?"

"చూసిన."

"ఆ జిప్పు లూజున్నది, జర చూసుకో. వాన వచ్చేటట్టున్నదా అక్కడ? అమ్మ ప్లాస్టిక్ కవర్ల పెట్టనియ్యలే, ఉత్త గుడ్డనే. తడిస్తే ఖతం రా తమ్మీ. ఎయిర్‌పోర్టుల తిప్పి పంపుతరు. జల్ది రా."

"వస్తున్న."

ఫోను పెట్టి గుట్టల దిక్కు చూసిన. అక్కడ మబ్బు నల్లగ దిగి ఉన్నది. పొద్దున మంచు ఎంత మంచిగున్నదో చూసినోన్ని, ఆ మబ్బు ఎంత మంచిగున్నదో చూడలేకపోయిన.

పోయిన రోడ్డే తిరిగి వచ్చిన. పొద్దున నేను మెచ్చుకున్న ప్రతిదీ ఇప్పుడు నా మీద పగబట్టింది. మలుపులు ఎక్కువైనయి. ఎల్లారెడ్డి ఇవుతల గొర్ల మంద రోడ్డంతా పరుచుకొని వస్తుండె. హారన్ కొట్టిన. గొర్లకు హారనంటే నిలబడుమని అర్థమేమో, అన్నీ నిలబడినయి. గొర్లకాపరి నన్ను మెల్లగ చూసి అడిగిండు.

"ఎందుకన్నా అంత తొందర, పెండ్లా?"

"ప్రయాణం."

"ప్రయాణంలనే ఉన్నవు గదా."

మామూలుగ ఇసొంటి మాటలు నేను అవుతలోనికి చెప్తుంట. నాకే ఎవరన్న చెబితే ఎట్లుంటదో ఆ రోజు తెలిసింది.

బండి మీద లెక్కలు మొదలైనయి. కోరిక తీరకముందు కట్టిన ముడుపు విప్పరు. విప్పితే కోరిక ఎదురు తిరుగుతదంటరు. నేను నమ్ముతనా అంటే, మామూలుగ నమ్మ. కానీ ఆ టైముకు నేను నమ్మేవాటి పట్టీ కిలోమీటరుకు ఒకటి పెరుగుతుండె. అన్న మొహం కనబడింది. ఆరు నెలలు అన్న ఇంటి ముందు కుర్చీల కూర్చొని ఫోను దిక్కు చూసిన తీరు. ఏజెంటు ఫోను వచ్చినప్పుడల్లా లేచి నిలబడి మాట్లాడుతుండె, ఆయనకు కనబడుతదన్నట్టు. దాని మీద నేను పది జోకులు వేసిన. బాపు కూడ నవ్విండు. అన్న కూడ నవ్విండు. ఇప్పుడా పాస్‌పోర్టు ఒక ఇనుప పైపుకు వేలాడుతున్నది, కోతులున్న గుట్ట మీద, నా కోరికతో సహా.

మట్టి బాట కాడికి వచ్చేసరికి వాన దిగింది. ఎర్రమట్టి బురదయి, వెనుక టైరు ఒకసారి పక్కకు జారింది. రోజూ తుడిచే బండికి సైలెన్సర్ దాకా బురద పట్టింది. ఇంకో రోజయితే దానికే భయపడేవాన్ని. కింద నిలిపి మెట్లు రెండేసి ఎక్కిన.

మీద సగం ఊరు ఉన్నది. శ్రావణమంతా నీసు ముట్టని జనం, శ్రావణం పోయిన మర్నాడే ట్రాక్టరుల బలియ్యాల్సిన యాటతో సహా దిగిండ్రు. డప్పు మోగుతున్నది, ఒక పక్క పొయ్యిలు రాజేస్తున్నరు, వానకు అందరూ టార్పాలిన్ కింద ఇరుక్కొని ఉన్నరు. పందిరి చూసిన. పొద్దున నేను కట్టినప్పుడున్న ఖాళీ జాగ ఏదో ఇప్పుడు చెప్పలేం. కొత్త పసుపు గుడ్డలు పదులకొద్దీ కట్టి ఉన్నయి. అన్నీ తడిసి, అన్నింటి నుంచి పసుపు నీళ్ళు కారుతున్నయి.

నేను కట్టిన మూలకు పోయి ఒక్కొక్కటి ఒత్తి చూసుడు మొదలుపెట్టిన. గుండ్రంగ తగిలితే కొబ్బరికాయ, వదిలేసిన. మెత్తగ తగిలితే బియ్యం. పలకలెక్క తగిలింది ఒకటి. తిప్పి చూస్తే గుడ్డ చిరిగిన కాడ లోపలున్నది కనబడింది, పాత పట్టా పాస్‌బుక్కు. ఇంకోటి పలకలెక్క తగిలింది. అది కూడ అసొంటిదే. భూమి కాగితాల పంచాయితీ ఉన్నోళ్ళు పాత పాస్‌బుక్కులు తెచ్చి అమ్మవారికి అప్పగించిపోయిండ్రు. గవర్నమెంటు పుస్తకాలన్నీ ఒకే కొలతల ఎందుకు చేస్తరో అప్పటిదాకా ఆలోచించలే. ఇంకోదాంట్ల పరీక్ష హాల్‌టికెట్టు అట్టకు అంటించి ఉన్నది. మన జిల్ల కష్టాలన్నీ పలకలెక్కనే ఉన్నయి.

"ఓ తమ్మీ."

తిరిగి చూసిన. ట్రాక్టరు మనుషులల్ల పెద్దాయన, తలకు తువ్వాల, చేతిల కత్తి. కత్తి యాట కోసమే. కానీ నేను కత్తినే చూసిన.

"మా ముడుపులు ఎందుకు పిసుకుతున్నవ్?"

"నాది వెతుకుతున్ననే."

"నీదేదో నీకు తెల్వదా?"

"పొద్దున కట్టిన. ఇప్పుడు దొరుకుతలేదు."

"కట్టినోడు మళ్ళ ఎందుకు వెతుకుతడు?" అన్నడు ఆయన. ఆ ప్రశ్న న్యాయమైనది. "నాణేల కోసం ముడుపులు కోసెటోడు ఒకడు తిరుగుతున్నడని విన్నం. వాడు నువ్వేనా?"

డప్పు ఆగింది. టార్పాలిన్ కింది నుంచి ఇంకో నలుగురు లేచిండ్రు. నా వీపు మీద వాన పడుతున్నది, అయినా చెమట పట్టింది. రెండూ ఒకేసారి అయితయని ఆ రోజే తెలిసింది. ఏదన్న జోకు వేద్దామని నోరు తెరిచిన. నా జీవితంల మొదటిసారి లోపల ఒక్కటి లేదు.

"ఇడిసిపెట్టుండ్రి" అన్నది గోనె సంచి మీది అవ్వ. గొడుగు కింద కూర్చొని ఉన్నది, పొద్దున ఉన్న జాగలనే, కదలలే. "వాడు పొద్దున వచ్చిండు. నేను చూసిన. ఇటు రా బిడ్డా."

పోయి ఆమె ముందు కూర్చున్న.

"ఏం పోయింది?"

"ముడుపుల మా అన్న పాస్‌పోర్టున్నది అవ్వా. నాకు తెల్వక కట్టిన. సాయంత్రం ఆయన పోవాలె. అది తడిస్తే పోలేడు."

పెద్దాయన కత్తి కిందికి దించిండు. ఆయన వెనుక ఉన్న ఒక ఆడామె "అయ్యో, మా పిల్లగాడు గూడ మస్కట్ల ఉన్నడు" అన్నది. పాస్‌పోర్టంటే ఏందో అక్కడ ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

అవ్వ మాత్రం తొందరపడలే. "కట్టేటప్పుడు ఏం మొక్కినవ్?"

"ఏం మొక్కలే."

"ఏం మొక్కకుంట ముడుపు ఎవడు కడ్తడు?"

"మా అమ్మ కట్టమన్నదనుకొని కట్టిన."

"నేను మీ అమ్మను అడుగుతలేను. నీ పెదవులు కదిలినయి. చూసిన."

చుట్టూ ఇరవై మంది ఉన్నరు. యాట కూడ నా దిక్కే చూస్తున్నది. దానికంటే నా పరిస్థితి మెరుగేనని అనుకోవడానికి ప్రయత్నించిన.

"బండి నాకే ఉండాలని మొక్కిన" అన్న మెల్లగ.

"ఏం బండి?"

"మా అన్న బండి. ఆయన పోతున్నడు గదా. ఇగ నాకే ఉండాలని."

ఎవరూ నవ్వలే. నవ్వుతే బాగుండు. బయటికి చెప్పినంక ఆ మాట నాకు వేరే తీరుగ వినబడింది. బండి నాకే ఉండాలంటే అన్న వచ్చి అడగొద్దు. అడగొద్దంటే రావద్దు. నేను అట్ల అనుకోలే. కానీ నేను కట్టింది మాత్రం అట్లనే ఉన్నది, అన్న ఫోటోతో సహా.

"మొక్కు తీరినంకనన్న ముడుపు విప్పాలె" అన్నది అవ్వ, "లేకుంటే కట్టినోడు తన నోటితోని వాపస్ తీసుకోవాలె. లోపల అనుకుంటే కాదు. అమ్మకు చెవులున్నయి గని, మనసుల్లకు తొంగి చూసే అలవాటు లేదు."

గుడి దిక్కు తిరిగిన. చేతులు జోడించాల్నా వద్దా అని ఒక క్షణం ఆలోచించి జోడించిన.

"బండి మా అన్నదే" అన్న. "ఆయన పోవాలె. మళ్ళ రావాలె. వచ్చి తీసుకోవాలె."

మొహం తుడుచుకున్న. వాన నీళ్ళే.

అవ్వ ఒక పక్కకు ఒరిగి, కూర్చున్న గోనె సంచి మడత కింది నుంచి పసుపు గుడ్డ ముడుపు తీసింది. మూడు ముళ్ళు, మా అమ్మ ముళ్ళు. నా చేతిల పెట్టింది. వెచ్చగ ఉన్నది. పొడిగ ఉన్నది.

దాన్ని అటుఇటు తిప్పి చూసిన.

"ఇది నీ కాడ ఎట్లున్నది?"

"నీ బండి చప్పుడు దూరం కాకముందే జారి కింద పడ్డది. నీ ముడి ఒక ముడా? కోతి అందుకోబోతే నేనే తీసి కింద పెట్టుకున్న."

"మరి ముందే చెప్పొచ్చు గదా అవ్వా. నేను గంటసేపు ఆ ముడుపులన్నీ..."

"గంటేడిది, పావుగంట గూడ కాలే. నువ్వు నన్ను అడిగినవా? సక్కగ పోయి పిసుకుడు వెట్టినవ్."

"కింద పడ్డదంటే అసలు కట్టినట్టే కాదు గదా. మరి వాపస్ ఎందుకు తీసుకొమ్మన్నవ్?"

"పడ్డది ముడుపు" అన్నది. "మాట పడలే గదా."

కుంకుమ తీసి ముడుపు మీద పెద్ద బొట్టు పెట్టి, ఇగ పో అన్నట్టు కట్టె ఊపింది. కోతులకు కూడ అట్లనే ఊపుతదేమో. పెద్దాయన తన వానకోటు లెక్క చుట్టుకున్న ప్లాస్టిక్ పట్ట నుంచి ఒక ముక్క కత్తితోనే కోసి ఇచ్చిండు. "దీంట్ల చుట్టు. కూర తిని పో తమ్మీ" అన్నడు. టైము ఒకటి యాభై. కూర వాసన వస్తున్నది. ఆ రోజు నేను చేసిన అతి పెద్ద త్యాగం అదే.

ముడుపును పట్టల చుట్టి ట్యాంకు కవర్ల పెట్టలే. చొక్కా లోపల, బనీను మీద పెట్టుకొని, దాని మీద బెల్టు బిగించిన. తిరుగు ప్రయాణంల నేను ఏ గుట్టను చూడలే. చెయ్యి ఒకటి హాండిలు మీద, ఒకటి పొట్ట మీద. లింగంపేట కాడ వాన వెనుకపడ్డది. తాడ్వాయి దాటినంక ఎండ కూడ వచ్చింది. తడిసిన చేన్లన్నీ మెరుస్తున్నయి, ఎవరో ఇప్పుడే కడిగి ఆరబెట్టినట్టు. చూడకుండ కూడ కనబడినయి. అన్న రెండు సార్లు ఫోను చేసిండు. నిలబడి ఎత్తి, "తాడ్వాయి", "కామారెడ్డి" అని ఊరి పేర్లు మాత్రం చెప్పి పెట్టేసిన. బస్సు కండక్టరు కూడ నాకంటే ఎక్కువ మాట్లాడుతడు.

మూడింటికి ఐదు నిమిషాలు తక్కువకు ఇంటి ముందు ఆగిన. అన్న గేటు కాడనే ఉన్నడు. ముందు బండిని చూసిండు. సైలెన్సర్, చైను, వెనుక మడ్‌గార్డు, అన్నింటి మీద ఎర్రమట్టి. తర్వాత నన్ను చూసిండు. నేను చొక్కా బొత్తాములు విప్పి ముడుపు తీసి ఇచ్చిన.

"జేబుల పెట్టిన గదా?" అన్నడు.

"వాన."

ఆయన పట్ట విప్పిండు. కుంకుమ బొట్టు చూసిండు. మళ్ళ నన్ను చూసిండు. మా అన్న మాటలు తక్కువ మాట్లాడుతడు గని లెక్కలు బాగ వస్తయి. నిజాంసాగర్ కట్ట మీద ఉన్న పాస్‌పోర్టుకు గుట్ట మైసమ్మ బొట్టు ఎట్ల వస్తదో ఆయన మొహంల మెల్లగ లెక్క అయితుండంగ చూసిన.

ఈలోపు అమ్మ హారతి పళ్ళెంతో గడప కాడికి వచ్చింది. పొద్దున పదింటి సంది ఆ పళ్ళెం అక్కడనే ఉన్నదట, కర్పూరం ఒక్కటే మార్చుకుంట ఉన్నది. ముడుపు మీది బొట్టు చూడంగనే ఆమె మొహం విప్పారింది.

"గుట్టకు తీస్కపోయి అమ్మవారి కాడ పెట్టిచ్చినవా బిడ్డా?"

నేను అన్న దిక్కు చూసిన. అన్న నా దిక్కు చూసిండు. బాపు కుర్చీల నుంచి లేచి వచ్చి, "వీనికి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చింది?" అన్నడు.

"మొక్కి రమ్మంటే ఏకంగ పాస్‌పోర్టునే తీస్కపోయిండు" అన్నది అమ్మ, కండ్లు తుడుచుకుంట. "ఊకె నవ్వుతడు గని, నా కొడుక్కు అన్నీ తెలుసు."

అన్న నోరు తెరుస్తడేమోనని చూసిన. తెరవలే. అమ్మ హారతి తిప్పింది, పాస్‌పోర్టు కుడికాలు లేకున్నా కుడిదిక్కు నుంచి లోపలికి వచ్చింది. ముళ్ళు విప్పి అన్న ఒక్కొక్క పేజీ తిప్పి చూసిండు. ఫోటో ఉన్న పేజీ మూలకు పసుపు ఒక వేలెడంత అంటి ఉన్నది, అది అమ్మ పెట్టిందే. తడి లేదు. ఆయన ఊపిరి వదిలింది నాకు వినబడింది. నేను పోయి బోరింగ్ కాడ మొహం కడుక్కొని, ఆ నీళ్ళల్లనే కొంచెంసేపు తల పెట్టుకొని ఉన్న.

ఐదింటికి కారు వచ్చింది. సంచులు ఎక్కిచ్చినం. అన్న చివరికి బండి కాడికి వచ్చిండు. నేనప్పటికే కడిగి తుడిచి పెట్టిన. చైనుకు నూనె కూడ వేసిన. ఆయన వేలితో ట్యాంకు మీద గీత గీసి వేలు చూసుకున్నడు. మట్టి లేదు.

"ఏం మొక్కినవ్ రా?" అన్నడు, బండినే చూసుకుంట.

"మొదట మొక్కిందా, తర్వాత మొక్కిందా?"

"రెండు సార్లు మొక్కినవా?"

"మొదటిది వాపస్ తీసుకున్న. రెండోది, బండి నీదే అని. వచ్చి తీసుకోవాలని."

ఆయన జేబుల నుంచి తాళంచెవుల గుత్తి తీసిండు. రెండు చెవులు ఉన్నయి. ఒకటి విప్పి నాకిచ్చి, రెండోది గుత్తికే ఉంచి జేబుల వేసుకున్నడు. దుబాయిల దాంతో తెరిచేది ఏమీ లేదు.

"ఆ జిప్పు మార్పియ్యి" అని కారెక్కిండు.

జిప్పు చేసిన తప్పేమీ లేదు. అయినా సోమవారం పొద్దున్నే కామారెడ్డి పోయి మార్పిచ్చిన.